ప్రభాకరరావు గారి ఆముదం సీసా

కొబ్బరికాయని చెవి దగ్గర పెట్టుకుని ఒక్కసారి ఊపి, లోపల నీళ్ళు ఏపాటి ఉన్నాయో, కాయ ముదిరిందో లేదో చెప్పగలిగిన మనుషులు మా మామిడికుదురు చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. వాళ్ళలో ప్రభాకరరావు గారొకరు. అందులో అబద్ధం లేదు. చిక్కల్లా ఆ విద్య కొబ్బరికాయ దగ్గర ఆగకపోవడం.

ఆయన కాయల బేరగాడు. తోటలో దింపు అయ్యాక రాశి పోసిన కాయల ముందు రైతుకీ, అంబాజీపేట షావుకారుకీ మధ్యన నిలబడి ఇద్దరికీ నచ్చచెప్పడం వృత్తి. ఏళ్ళ తరబడి కాయలు ఊపగా ఊపగా, లోకంలో ఏ వస్తువుకైనా లోపలేముందో పైనుంచే తనకి తెలిసిపోతుందనే నమ్మకం ఆయనకి బలంగా కుదిరిపోయింది. పనసకాయ తట్టి చెప్పేవారు, పోనీలే అనుకున్నాం. పక్కింటి నీళ్ళ మోటారు మీద చెయ్యి వేసి రోగం చెప్పేవారు. ఒకసారి మా ఇంట్లో టీవీలో బొమ్మ రాకపోతే పిలవకుండానే వచ్చి, దాని నెత్తి మీద రెండు తట్టి, "లోపల తేమ చేరిందండి" అన్నారు. మర్నాడు మెకానిక్ వచ్చి చూస్తే డాబా మీద యాంటెనా వైరు ఊడి ఉంది. ఆ సంగతి చెబితే, "ఆ తేమకే ఊడిందండి" అన్నారు. అలాంటి మనిషిని ఓడించడం ఎవరి తరం?

ఆయన భార్య బంగారమ్మ గారు ఓడించే ప్రయత్నం ఎన్నడూ చెయ్యలేదు. ఆవిడ మాట్లాడేది తక్కువ. నలుగురూ కూర్చున్నచోట భర్త చెప్పే మాటలు వింటూ ఆకులో సున్నం రాసుకునేవారు, అంతే.

ఆయన చెప్పే కథల్లో మా వీధివాళ్ళందరికీ కంఠతా వచ్చినది ఒకటుంది. కూతురు శ్రీవాణి పుట్టినప్పటి సంగతి. పెళ్ళిపందిట్లో చెప్పేవారు, రేవులో ఏరు దాటించే పంటు కోసం నిలబడి చెప్పేవారు. "మా ఆవిడకి రోజులు దాటిపోయేయండి. మా అమ్మ ఒక్క గిన్నెడు ఆముదం పట్టించింది. ఆయ్. గంట తిరక్కుండా పిల్ల భూమ్మీద పడింది. ఆస్పత్రా, డాక్టరా?" ఇలా చెప్పి, ఆముదం తానే కనిపెట్టినట్టు చుట్టూ చూసేవారు. ఆ పక్కనే ఆకు నములుతున్న బంగారమ్మ గారు తలెత్తేవారు కాదు.

తుపాను మా చెట్లన్నిటినీ కూల్చిపోయిన మూడో ఏడు, ఆ శ్రీవాణే పురిటికి పుట్టింటికి వచ్చింది. ఆమెని ఐ.పోలవరం ఇచ్చారు. అల్లుడు చరణ్‌ది కువైట్‌లో ఉద్యోగం. మొదటి కాన్పు పుట్టింటివాళ్ళ పూచీ గనక, బిడ్డనీ తల్లినీ క్షేమంగా అప్పజెప్పే బాధ్యత ప్రభాకరరావు గారిది. ఆయన దిగులు మాత్రం క్షేమం గురించి కాదు, వియ్యపురాలు రత్నమాల గారి గురించి. ఆవిడ మితభాషి. మితభాషులంటే ఈయనకి మహా భయం, ఇంట్లోవాళ్ళు తప్ప. కూతురికి ఆపరేషన్ గనక అయితే ఆవిడ ఏమనుకుంటుందో అని బెంగ. పుచ్చిన కాయలు కలిపిన బస్తాని మంచిదని అమ్మి దొరికిపోయినట్టుంటుందని మా అరుగు మీద కూర్చుని నాతోనే అన్నారు. కన్నకూతురిని బస్తాతో పోల్చిన తండ్రిని నేను అప్పుడే చూడటం.

డాక్టరు చెప్పిన తేదీ దాటింది. అమలాపురంలో విజయ గారని లేడీ డాక్టరు. ఆవిడ పరీక్ష చేసి, "అంతా బాగానే ఉందమ్మా, కొందరికి దాటుతుంది. శుక్రవారం రండి. అప్పటికీ రాకపోతే చేర్చుకుని మేమే నొప్పులు రప్పిస్తాం. ఈలోగా బిడ్డ కదలిక ఒక్కటీ కనిపెట్టుకుని ఉండు. తగ్గినట్టు అనిపిస్తే శుక్రవారం దాకా ఆగకు, అప్పుడే వచ్చేయ్" అన్నారు శ్రీవాణితో.

గుమ్మంలో నిలబడ్డ ప్రభాకరరావు గారు, "నొప్పులు రావడానికి ఇంట్లో మేం చేసుకోదగ్గవి ఏమన్నా ఉన్నాయాండీ?" అని అడిగారు.

"నడవాలనిపిస్తే నడవనివ్వండి. పడుకోవాలనిపిస్తే పడుకోనివ్వండి. ఆముదాలూ అవీ పట్టించకండి."

మెట్లు దిగుతూనే ఆయన భార్య వైపు తిరిగి, "విన్నావా? ఆముదం అని ఆవిడ నోటితో ఆవిడే అనేసింది. పనిచెయ్యందైతే వద్దని ఎందుకంటది?" అన్నారు. బంగారమ్మ గారు ఆటో ఎక్కి కూర్చున్నారు. వాళ్ళకి తోడు వెళ్ళిన మా ఆవిడ ఇంటికొచ్చి ఈ మాట చెప్పి, "ఆయన నెత్తి మీద కూడా ఎవరైనా రెండు తట్టి చూస్తే బాగుండు, లోపలేముందో" అంది.

మర్నాటినించీ ఆ ఇంట్లో వైద్యం మొదలైంది. అనాసపండు తినిపించారు. తండ్రి ముఖం చూసి ఆ పిల్ల తింది. నాలుక పూసిపోయి, రాత్రి మజ్జిగన్నం కూడా మండింది. నొప్పులు మాత్రం రాలేదు. వాము, జీలకర్ర కషాయం పెట్టించారు. వీధి చివర రమణమ్మ గారు చూడటానికొచ్చి, "తిరగలి తిప్పించండి అన్నయ్యగారూ, మా అక్కకి తిరగలి దగ్గరే వచ్చేయి" అని ఓ సలహా పడేసి, కాఫీ తాగి వెళ్ళిపోయింది. సలహా ఇచ్చేవాళ్ళందరికీ కాఫీ ఆ పిల్ల తల్లే పెట్టాలి. తిరగలి అటక మీంచి దింపడానికి మనిషి దొరకలేదు గనక ఆ గండం తప్పింది.

తర్వాత డాబా మెట్లు. ప్రభాకరరావు గారు కింద కుర్చీ వేయించుకుని, తువ్వాలుతో విసురుకుంటూ, దింపు కూలీలని అజమాయిషీ చేసినట్టే చేశారు.

"ఎక్కమ్మా. ఆ, ఇప్పుడు దిగు."

శ్రీవాణి రెండోసారి ఎక్కి అక్కడే పిట్టగోడ మీద చెయ్యి వేసి నిలబడింది. "నాన్నగారూ, మీరూ రండి. తోడుంటారు."

"నాకు మోకాళ్ళమ్మా."

"నాకైతే మోకాళ్ళు లేవు కదండీ. ఆయ్. అలాగే."

ఇంక దిగి వచ్చి పడుకుంది. పడుకుంటే ఆయన ఒప్పుకోలేదు. ముదిరిన కాయ చెట్టు మీద ఎక్కువ రోజులు ఉండకూడదట, దింపెయ్యాలట. "ముదిరిన కాయ దానంతటదే పడుద్ది కదండీ" అని కూతురు అంటే, "ఎప్పుడు పడుద్దో ఎవరి నెత్తిన పడుద్దో తెలుసా?" అన్నారు. అలా మాట్లాడుతూ ఆ పిల్ల కడుపు వైపు ఆయన చూసే చూపు నాకు తెలుసు. రాశి పోసిన కాయల వంక చూసే చూపది. చెయ్యి వేసి ఊపలేదంటే అది ఆయన సంస్కారం కాదు, ఆ పిల్ల అదృష్టం.

బుధవారం నాడు అప్పనపల్లి ప్రయాణం పెట్టారు. పైకి చెప్పింది బాలబాలాజీ దర్శనమని. అసలు ఉద్దేశం దారి. గ్యాసు పైపుల లారీలు తిరిగి తిరిగి ఆ రోడ్డు గోతులమయమైపోయి ఉంది. ఆ గోతుల్లో ఆటో ఎగిరెగిరి పడితే నొప్పులు అవే వస్తాయని ఆయన లెక్క. బంగారమ్మ గారు కూతురి వీపుకి ఒక తలగడ, పక్కన ఒక తలగడ పెట్టి తానూ వెనక ఎక్కారు. ఈయన ముందు డ్రైవరు మోషే పక్కన, ఉన్న కాస్త చోటులో ఒంటి పిరుదు మీద కూర్చున్నారు, దారి చూపించడానికి.

మోషే ఆ ఆటోలోనే నెలనెలా శ్రీవాణిని అమలాపురం తీసుకెళ్ళి తీసుకొచ్చినవాడు. రోడ్డుకి ఏ అంచున నున్నగా ఉంటే ఆ అంచునే, సైకిళ్ళు దాటిపోతున్నా పట్టించుకోకుండా నడుపుతున్నాడు.

"ఏమోయ్, ఆ గొయ్యి వదిలేసేవేం?"

"కనపడిందండి. అందుకే వదిలేసేను."

"వదలొద్దని ఇంటిదగ్గరే చెప్పేను కదా."

"అమ్మాయిగారు ఉన్నారండి. మీరొక్కరే ఎప్పుడన్నా రండి, ఒక్కటి కూడా వదలకుండా తిప్పుతాను."

వెనక తల్లీకూతుళ్ళు పైటచెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారట. దర్శనం అయింది. తిరిగి వచ్చేటప్పుడు చేను నీళ్ళు రోడ్డు మీదికి వచ్చి నిలిచినచోట, అంత జాగ్రత్తగా నడిపే మోషేకి కూడా కనపడని గొయ్యి ఒకటి తగిలింది. తలగడల మధ్యన ఉన్న శ్రీవాణికి ఏమీ కాలేదు. ముందున్న ఆయన మాత్రం పైకి లేచి, కమ్మీ మీద పడ్డారు. నడుం పట్టేసింది. ఇంటి ముందు ఆటో ఆగేసరికి లోపల్నించి మూలుగు వినబడి రమణమ్మ గారు పరుగెత్తుకొచ్చింది.

"నొప్పులు వచ్చేసేయా అమ్మా?"

"వచ్చేయండి పిన్నిగారూ," అంది శ్రీవాణి మెల్లగా దిగుతూ. "నాన్నగారికి."

ఇంకొకరైతే అక్కడితో బుద్ధి తెచ్చుకుందురు. ఈయన మర్నాడు మంచం మీద వెల్లకిలా పడుకునే గానుగ దగ్గరికి మనిషిని పంపి ఆముదం సీసా తెప్పించారు. రేపు శుక్రవారం. ఇవాళ దాటితే పిల్ల డాక్టరు చేతిలోకి వెళ్ళిపోతుంది, కోసేస్తారు, రత్నమాల గారికి తెలుస్తుంది. నేను ఆయన నడుం చూసి పలకరిద్దామని వెళ్ళాను. నా వెనకే మా ఆవిడ. రమణమ్మ గారు అప్పటికే అక్కడుంది. సభ నిండేసరికి ఆయనకి ఉత్సాహం వచ్చింది. కప్పు అడుగున ఆముదం పోసి పైన వేడి కాఫీ పొయ్యమని వంటింట్లోకి కేకేశారు.

శ్రీవాణి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. పొద్దున్నించీ ఆమె ముఖంలో వెటకారం లేదు. కడుపు మీద అరచెయ్యి పెట్టుకుని, దేనికో చెవి ఒగ్గినట్టుంది.

"నాన్నగారూ, పొద్దున్న లేచిన దగ్గర్నించీ సరిగా కదలట్లేదండి. టిఫిను తిన్నాక ఎప్పుడూ తంతాది. ఇవాళ లేదు."

"మంచిదే కదమ్మా."

"మంచిదేంటండి? కదలిక తగ్గితే వెంటనే రమ్మన్నారు కదా."

ఆయన పడుకున్నచోటినించే చెయ్యి ఎత్తి ఆపారు. "నే చెబుతాను విను. కాయని ఊపితే గలగలలాడిందనుకో, నీళ్ళు తగ్గినట్టు. నిండుగా ఉన్న కాయ చప్పుడు చెయ్యదు. చప్పుడు లేదంటే లోపల నిండుగా ఉన్నట్టేనమ్మా. ఇప్పుడు ఆముదం పడిందంటే గంటలో తేలిపోద్ది. మీ అమ్మకి నీ పురిటికి..."

అప్పుడు బంగారమ్మ గారు వంటింట్లోంచి వచ్చారు. చేతిలో కప్పు లేదు. గూట్లో ఉన్న ఆముదం సీసా తీసి, మూత బిగించి, ఎవరికీ అందనంత ఎత్తున బీరువా మీద పెట్టారు. పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకున్నారు.

"గంట కాదండి" అన్నారు.

"ఏది?"

"నాకు గంటలో అవ్వలేదు. మీకెలా తెలుస్తుందండి? మీరు అంబాజీపేటలో ఉన్నారు. పొద్దున్న పట్టించేరు మీ అమ్మగారు. ఇంక చూసుకోండి, ఆ పగలంతా దొడ్డివైపుకీ గదిలోకీ తిరగడమే నా పని. మర్నాడూ తిరిగేను. నొప్పులు ఆ తర్వాతెప్పుడో వాటికి బుద్ధి పుట్టినప్పుడు వచ్చేయి. అప్పటికి నా ఒంట్లో ఓపిక లేదు. మంత్రసాని చెంపల మీద కొట్టి కొట్టి కళ్ళు తెరిపించింది. అంతా అయ్యేక మీరు అరటిగెల పట్టుకుని వచ్చేరు. మీ అమ్మగారు గంటన్నారు. మీరూ గంటన్నారు. ఇన్నేళ్ళూ గంటే అయ్యింది."

రమణమ్మ గారు తన కాఫీగ్లాసులోకి చూసుకుంటోంది.

"మరి ఎప్పుడూ చెప్పలేదేం?" అన్నారు ప్రభాకరరావు గారు. గొంతు కాస్త కిందికి దిగింది.

"మీరెప్పుడన్నా అడిగేరా? నలుగురిలో సరదాగా చెప్పుకుంటున్నారు, చెప్పుకోనీలే అని ఊరుకున్నాను. ఇప్పుడు దాని నోట్లో పోస్తానంటున్నారు." ఆవిడ కూతురి వైపు తిరిగారు. "లే అమ్మా. సంచి సర్దే ఉంది. వదినగారూ, మోషేని పిలవరా కాస్త?"

మా ఆవిడ అప్పటికే గేటు దగ్గరుంది.

ఆటోలో ఆయన్ని ఎక్కించుకోనక్కర్లేదని నేనన్నాను. ఆయన వినలేదు. నడుం పట్టుకుని వంగిపోయి, మళ్ళీ ఆ ముందు సీటులోనే ఒంటి పిరుదు మీద కూర్చున్నారు. వెనక తల్లీకూతుళ్ళతో మా ఆవిడ ఎక్కింది. ఆ రోజు దారిలో ఆయన గోతుల ప్రసక్తి తేలేదు. మోషే ఒక్కసారి మాత్రం, "గట్టిగా పట్టుకోండి బాబుగారూ" అన్నాడట, మర్యాదగానే.

డాక్టరు విజయ గారు చూసి, స్కానింగ్ చేయించారు. చేయించి బయటికి వచ్చి, "శుక్రవారం దాకా ఆగకుండా తీసుకొచ్చి మంచిపని చేశారు. ఉమ్మనీరు బాగా తగ్గిపోయింది" అన్నారు.

ప్రభాకరరావు గారు బల్ల మీంచి లేవబోయి లేవలేకపోయారు. "చప్పుడు లేదు కదండీ" అన్నారు.

"ఏమిటండీ?"

"అబ్బే. ఏమీ లేదండి."

కాయని చెవి దగ్గర పెట్టుకుని నీళ్ళ లెక్క చెప్పే మనిషి, సొంత కూతురి కడుపులో నీరు ఇంకిపోతుంటే నిండుగా ఉందని వేదాంతం చెప్పారు. ఆ విషయం ఆ క్షణాన ఆయనకి అర్థమైందని మా ఆవిడ అంటుంది. ఎందుకంటే ఆయన చెయ్యి మెల్లగా చెవి దాకా వెళ్ళి, అక్కడేం చెయ్యాలో తెలియక, చెవి గోక్కుని కిందికి దిగిందట. నేనైతే అంత ఉదారంగా నమ్మను. ఎందుకంటే మరుక్షణమే ఆయన నోరు విప్పారు.

"నొప్పులు మీరే రప్పిస్తామన్నారు కదండీ."

"నీరు ఉంటే ఆ పనే చేసేదాన్ని. బిడ్డ గుండె కొట్టుకోవడం మధ్యమధ్య మందగిస్తోంది. నొప్పులకి తట్టుకోదు. ఇప్పుడే ఆపరేషన్ చేసి తీసేస్తే ఇద్దరికీ మంచిది."

"ఒక్కసారి మెట్లెక్కించి చూస్తేనోనండి. ఇక్కడ మెట్లు బాగున్నాయి."

డాక్టరు గారు ఆయన్ని చూసిన చూపుని మా ఆవిడ ఇప్పటికీ వర్ణించలేదు, చేసి చూపిస్తుంది. ఆవిడ జవాబు చెప్పేలోగానే లోపల మంచం మీంచి శ్రీవాణి గొంతు వినబడింది.

"డాక్టరు గారూ, చేసెయ్యండి. నాన్నగారూ, మీరు ఆ బల్ల మీద పడుకోండి. నడుం కదా."

పొద్దు వాలకుండానే ఆడపిల్ల పుట్టింది. ఏడుపు వసారా దాకా వినబడింది. బంగారమ్మ గారు గోడకి తల ఆనించి కళ్ళు మూసుకున్నారు. అంతవరకూ ఆవిడ ఒక్క దేవుడి పేరు కూడా ఎత్తలేదు, మోషేని పంపి బ్రెడ్డూ పాలూ తెప్పించి అందరిచేతా తినిపించారు.

ఇక మిగిలింది వియ్యపురాలు. ఆస్పత్రి ఎదురుగా ఉన్న ఫోను బూత్‌లోకి ప్రభాకరరావు గారు వంగి వెళ్ళి వంగే నిలబడ్డారు. ఎందుకైనా మంచిదని బంగారమ్మ గారూ వెనకే వెళ్ళారు. ఆయన ముందు మనవరాలి రంగు చెప్పారు, ముక్కు చెప్పారు, బరువు చెప్పారు, ఎండలు ఎక్కువగా ఉన్నాయన్నారు. భార్య వెనకనించి వేలితో ఆయన భుజం మీద పొడిచారు.

"అదీ... కొంచెం ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చిందండి చెల్లెమ్మగారూ. మా ప్రయత్నాలు మేం చేసేమండి. ఏదీ లోపం చెయ్యలేదు."

అవతలినించి రత్నమాల గారు, "తల్లీబిడ్డా కులాసాయే కదా అన్నయ్యగారూ?" అన్నారు.

"కులాసాయేనండి. ఆపరేషన్ అండి మరి..."

"అయితే అయింది లెండి. మా అబ్బాయిలిద్దరూ కాకినాడలో కోసి తీసినవాళ్ళే. ఆయ్. పెళ్ళిచూపులప్పుడే వదినగారికి చెప్పేను కదండీ. మీకు చెప్పలేదా?"

ప్రభాకరరావు గారు ఫోను పెట్టేసి భార్య వైపు చూశారు. ఆవిడ బూత్ అబ్బాయి దగ్గర చిల్లర తీసుకుంటున్నారు.

"నీకు తెలుసా?"

"తెలుసండి."

ఆయన ఇంకేమీ అడగలేదు. ఎప్పుడన్నా అడిగేరా అనే మాట మళ్ళీ వినాల్సి వస్తుందని భయపడి ఉంటారు. ఆ మాత్రం జ్ఞానం ఆయనకి కలగడానికి అనాసపండు, కషాయం, అప్పనపల్లి రోడ్డు, ఇంత ఖర్చయింది.

శ్రీవాణి ఇంటికొచ్చింది. కుట్లు మానాయి. పిల్ల రోజంతా పడుకుని, పడుకోవాల్సినప్పుడు లేచి, ఇల్లంతటినీ జాగారం చేయిస్తోంది. తాతగారి నడుం మాత్రం మానలేదు. ఓ సాయంత్రం నేను వెళ్ళేసరికి ఆయన అరుగు మీద చాప పరుచుకుని బోర్లా పడుకుని ఉన్నారు. పక్కన బీరువా మీంచి దిగిన ఆముదం సీసా ఉంది, సగం ఖాళీ. బంగారమ్మ గారు గోరువెచ్చగా కాచిన ఆముదం చేతిలో పోసుకుని ఆయన నడుముకి మర్దనా చేస్తున్నారు.

అంతలో రమణమ్మ గారు వచ్చింది. ఉసూరుమంటూ గుమ్మంలో కూలబడి, "అన్నయ్యగారూ, మా కోడలికి డాక్టరు చెప్పిన తేదీ దాటిందండి. కాయ సంగతీ పండు సంగతీ తెలిసినవారు. ఏం పెట్టమంటారు?" అంది.

ఆయన ముఖం వెలిగింది. మోచేతుల మీద లేచి, గొంతు సవరించుకున్నారు. "అదేం లేదమ్మా, ముందుగా..."

బంగారమ్మ గారి బొటనవేలు, సరిగ్గా పట్టేసినచోట, ఆగింది. నొక్కలేదు. ఆగింది, అంతే.

ప్రభాకరరావు గారు మళ్ళీ గడ్డం చాప మీద ఆన్చారు.

"డాక్టరమ్మని అడగండమ్మా" అన్నారు. "కదలిక ఎలా ఉందో చూసుకోమనండి."

బొటనవేలు మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది.

"ఇంకొంచెం కిందికాండీ?" అని అడిగారు బంగారమ్మ గారు.